నా బొటనవేలి గోరూ, తాసిల్దారు పిడుదులూ

నాకు వచ్చిన జ్వరం గురించి మా నేతవీధిలో ఇప్పటికి పదకొండు కథలు తిరుగుతున్నాయి. వాటిలో ఏడు నేనే చెప్పినవి. ఒక కథలో నేను యముడి గడప దాకా వెళ్ళి, ఆయన భోజనానికి కూర్చున్నాడని తెలిసి మర్యాదగా వెనక్కి వచ్చేశాను. ఇంకో కథలో నా చంకలో పెట్టిన థర్మామీటరు సెగ తట్టుకోలేక పగిలిపోయింది. చెప్పి చెప్పి అలసిపోయాను. వీధి చివరిదాకా నడిస్తే చాలు, తిరుత్తణి కొండ మెట్లన్నీ నెత్తిన మూటతో ఎక్కినంత ఆయాసం. అందుకని ఒక్కసారి రాసి పెట్టేస్తున్నాను. ఇకమీద ఎవరడిగినా ఈ కాగితాలు చేతికిచ్చి గోడవైపు తిరిగి పడుకుంటాను. పల్లెల్లో కుక్కను పెంచుకునేవాళ్ళు మాత్రం నవ్వి వదిలేయకండి. ఇందులో మీకు పనికొచ్చేది నా భయమే.

ముందు తాసిల్దారు గురించి చెప్పాలి. తాసిల్దారు మా కుక్క. తిరుత్తణికి బస్సులో ముప్పావు గంట దూరంలో ఉన్న మా వీధిలో రోజూ తెల్లవారుతుండగా ఎవరో ఒకరి పడుగు చాస్తారు. లుంగీలకు నిలువు పోగులుగా వెళ్ళే నూలు అది. వీధి ఈ చివర నుంచి ఆ చివరకు సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండ ముదరకముందే ఆరబెట్టాలి. ఆ సమయంలో ఒక మేక వచ్చి పోగులు నమిలిందంటే వారం రోజుల కూడు పోయినట్టే. మా కుక్క ఆ పడుగు పక్కన తోక ఎత్తుకుని, చేతులు వెనక్కి కట్టుకున్న అధికారిలాగా, ఈ చివర నుంచి ఆ చివరకు తనిఖీ చేసేవాడు. మేకలే కాదు, ఆవులు కూడా వాణ్ణి చూసి అర్జీ పెట్టుకునే మొహంతో పక్కకు తప్పుకునేవి. అందుకే ఆ పేరు. మధ్యాహ్నం మాత్రం డ్యూటీ దిగి, నా గుంట మగ్గంలోకి దూకి, నేను కాళ్ళు పెట్టుకునే చల్లని గుంటలో నా పాదాల మీద తల పెట్టుకుని నిద్రపోయేవాడు.

ఎనభై ఒకటో సంవత్సరం, అరవ లెక్కలో మాసి నెల చివర, అంటే మార్చి మొదట్లో, కోతలైన పొలాల్లో గొర్రెల మంద దిగింది. తాసిల్దారు ఆ మందను కూడా తన సరిహద్దులో చేర్చుకున్నాడు. పొద్దున వెళ్ళినవాడు మధ్యాహ్నానికి చెవుల నిండా పిడుదులు వేలాడేసుకుని వచ్చేవాడు. మా పక్క సగం మంది వాటిని అరవంలో ఉణ్ణి అంటారు. ఏ పేరుతో పిలిచినా రక్తం తాగే పని ఒకటే. కొన్ని కందిగింజంత, కొన్ని చిక్కుడు గింజంత. ఒకటి చింతగింజంత ఉందని నేను వీధిలో చెప్పాను. మూడో ఇంటికి చేరేసరికి అది రేగుపండంత అయింది. నేను కాదనలేదు.

ఇప్పుడు నా గోరు సంగతి. మా నేతగాళ్ళు కుడి బొటనవేలి గోరు పెంచుతారు. నూలులో ముడి ఉన్నా నలక ఉన్నా ఆ గోటితో గిల్లి తీసేస్తారు. తెగిన పోగును నోట్లో తడిపి, వేళ్ళతో మెలిపెట్టి అతుకుతారు. నా గోరు మూడు వీధుల్లో పేరు పొందినది. దానికి ఒక దోషం ఉంది. ఎక్కడైనా ఉండలాగా కనిపిస్తే ఊరుకోలేదు. ముప్పై ఏళ్ళ అలవాటు. తాసిల్దారు చెవిలో చేయి పెట్టి ఒక్కొక్క పిడుదునూ గిల్లి లాగి, రెండు బొటనవేళ్ళ గోళ్ళ మధ్య పెట్టి నొక్కేవాణ్ణి. టప్‌మనేది. ఆ చప్పుడులో ఎంత సుఖముందో నేనిప్పుడు చెప్పను, నా ఆరోగ్యానికి మంచిది కాదు.

చిమటా లేదా అంటారేమో. ఉంది. మా నాయన వాడిన ఉక్కు చిమటా మగ్గం పక్కన మేకుకు వేలాడుతూ ఉంటుంది. గుడ్డలో నలక తీయడానికే అది. ఆయుధపూజకు దానికి గంధం, కుంకుమ. ఇంకో పనికి వాడకూడదు. చిన్నప్పుడు కాలిలో ముల్లు తీసుకోవడానికి ఒకసారి దాన్ని ముట్టుకున్నందుకు మా నాయన కొట్టిన దెబ్బకు ముల్లు దానంతట అదే బయటికి వచ్చింది. అలాంటి వస్తువును కుక్క చెవిలో పెట్టడమా? కాబట్టి గోళ్ళే.

"ఒరే, ఆ చేతులు కడుక్కోరా, గలీజు" అనేది మా అమ్మ.

"పంచెకు తుడుచుకున్నా కదమ్మా" అనేవాణ్ణి. తుడుచుకుని, తెగిన పోగు నోట్లో పెట్టుకునేవాణ్ణి.

మాసి దాటి పంగుని నెల వచ్చింది, మొదటి మంగళవారమే జ్వరం వచ్చింది. నలుగురు మనుషులు నా నుదుటి మీద మగ్గం బిగించి, రెండు షిఫ్టులు లుంగీలు నేస్తున్నట్టు తలనొప్పి. కళ్ళు తెరిస్తే వెలుగు గుచ్చుకునేది. మూడో రోజు నా భార్య దేవకి నన్ను తిరుత్తణికి తీసుకెళ్ళింది. అక్కడి ఆస్పత్రి వరండాలో కూర్చున్న జనాన్ని చూస్తే జిల్లా మొత్తం జ్వరానికి జమాబందీ పెట్టినట్టుంది. నాలుగు గంటలు కూర్చున్న తర్వాత లోపలున్న మనిషి నా నాలుక చూసి, సూది వేసి, నాలుగు మాత్రలిచ్చి, విషజ్వరం కావచ్చు, గంజి తాగమన్నాడు. గంజి పడుగుకు పట్టించేవాణ్ణి నాకే పట్టించారు. తగ్గలేదు.

ఐదో రోజు చేతుల మీద ఎర్రటి మచ్చలు లేచాయి. మా అమ్మ చూసింది. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

"తల్లీ, మా ఇంటికి వస్తివా" అంది.

అమ్మవారు పోసిందని తీర్మానం అయిపోయింది. గుమ్మానికి వేపమండలు కట్టారు. మాత్రలు అటక మీదికి ఎక్కాయి, ఎందుకంటే అమ్మవారు ఒంటి మీద ఉన్నప్పుడు మందు వేస్తే ఆమెకు కోపం. ఇంట్లో తాళింపు లేదు, తల దువ్వడం లేదు, మగ్గం చప్పుడు లేదు. పెద్ద అమ్మవారు, అంటే మశూచి, దేశం వదిలి వెళ్ళిపోయిందని గవర్నమెంటు గోడల మీద రాయించి మూడు నాలుగేళ్ళయింది. ఈ మాట బయటికి పొక్కితే సూదులవాళ్ళు జీపులో దిగుతారని భయపడి వీధి వీధంతా గుసగుసల్లోకి దిగింది. మా వీధిలో రహస్యమంటే అవతలి పేటలో ఇంకా పూర్తిగా తెలియనిదని అర్థం.

అన్నిటికన్నా పెద్ద కట్టుబాటు ఇంకొకటి. అమ్మవారు ఉన్నన్నాళ్ళూ ఇంట్లో ఏ ప్రాణినీ చంపకూడదు. చీమను కూడా ఊదాలి, తొక్కకూడదు. పిడుదులకు ఈ సంగతి ఎలా తెలిసిందో తెలియదు, తెలిసింది. తాసిల్దారు చెవుల్లోంచి దిగి, గుంట మగ్గం గోడ నెర్రెల్లో కాపురాలు పెట్టాయి. పెళ్ళిళ్ళు చేసుకున్నాయి. నా మంచం కోడు మీద ఒక సంసారం ఊరేగింపుగా వెళ్ళడం నేను కళ్ళారా చూశాను. జ్వరంలో చూశాను కాబట్టి బ్యాండుమేళం ఉందా లేదా అన్నదే అనుమానం. నా గోరు లేవబోయింది. మా అమ్మ చెయ్యి పట్టుకుంది.

"వద్దు నాయనా. ఆమె ఉండాది. ఓర్చుకో."

మా అమ్మ మీద నాకు కోపం లేదు. ఆ రోజుల్లో ఆమె కూర్చున్న చోటు నుంచి లేవలేదు. వేపమండతో నన్ను విసురుతూనే ఉంది. నలభై ఏళ్ళ కిందట నాకన్నా ముందు పుట్టిన పిల్లను ఆమె అమ్మవారికే పోగొట్టుకుంది. అప్పుడు ఎవరో చెప్పారని కషాయం పోసిందట. మందు పోయడం వల్లే పిల్ల పోయిందని ఆమె గుండెలో అచ్చుపడిపోయింది. నన్నట్లా పోగొట్టుకోకూడదనే ఆమె అటక మీది మాత్రలకు కాపలా కాసింది.

ఎనిమిదో రోజుకు నేను జోకులు వేయడం మానేశాను. దేవకి భయపడింది అప్పుడే. అంతవరకూ నేను పోతానని రోజుకు మూడుసార్లు చెబుతుంటే "పోతే పో, లుంగీ అంచు నేసిపెట్టి పో" అనేది. ఆ రోజు మాత్రం నా కాళ్ళ దగ్గర కూర్చుని అరికాళ్ళు తిప్పి చూసింది.

"అత్తా, ఇట్ల చూడు. మా తమ్మునికి అమ్మవారు వచ్చినప్పుడు పొక్కుల్లో నీళ్ళుండె. ఈడ నీళ్ళే లేవు. అరికాళ్ళల్లో, అరచేతుల్లో గుడక ఉండాయి. ఇది ఏం అమ్మవారు?"

"నోరు మూసుకో. ఆమె ఇష్టం. యాడైనా వస్తాది."

"పదినాళ్ళు ఇట్లనే ఉంటే మనిషి ఉండడత్తా."

ఆ మాట నాకు వినిపించింది. గోడవైపు తిరిగి పడుకున్నాను. నిజం చెప్పాలంటే, నేను కూడా అదే లెక్క వేసుకుంటున్నాను.

అదే పొద్దున తిరువళ్ళూరు నుంచి మా బావ, అంటే దేవకి వాళ్ళ అన్న, కబురు విని వచ్చాడు. అక్కడ ఫ్యాక్టరీలో పని చేసేవాడు. గుమ్మంలోనే ఆగి వేపమండల్ని, నన్ను, మళ్ళీ వేపమండల్ని చూశాడు.

"మనిషి ఇట్ల ఉంటే మీరు ఆకులు కడతా కూర్చున్నారా? తిరువళ్ళూరులో మా వీధి డాక్టరు ఉండాడు. ముందు మిలిట్రీలో ఉన్నోడు. ఎత్తుకుని పోదాం, లే" అన్నాడు.

"అమ్మవారిని బస్సెక్కించేదా? దాటకూడదు!" అంది మా అమ్మ.

ఇద్దరూ అరుచుకోబోతుంటే దేవకి మధ్యలోకి వచ్చింది. "ఆమెనే అడుగుదాం అత్తా. పూలు పెట్టి అడుగుదాం. ఆమె వద్దంటే నేను నోరెత్తను" అంది.

పూలు అడగడమంటే ఇది. ఒక తెల్లపువ్వు, ఒక ఎర్రపువ్వు వేర్వేరు ఆకుల్లో పొట్లం కట్టి, అమ్మవారి పటం ముందు పెట్టి, ఒకటి తీస్తారు. తెల్లది వస్తే ఇంట్లోనే ఉంచాలి, ఎర్రది వస్తే తీసుకెళ్ళాలి. అలా అనుకున్నారు. దేవకి పెరట్లోకి వెళ్ళి పొట్లాలు కట్టి తెచ్చింది. మా అమ్మ కళ్ళు మూసుకుని, పెదవులు కదిలిస్తూ, చాలాసేపు చేయి ఆడించి ఒకటి తీసింది. విప్పింది. ఎర్ర మందారం.

మా అమ్మ ఆ పువ్వును పటానికి పెట్టింది. తర్వాత "సరే, ఆమె పొమ్మంటా ఉండాది. తీసుకుపో" అంది.

బస్సులో నా తల దేవకి ఒళ్ళో ఉంది. ఊరు దాటాక ఆమె వంగి నా చెవిలో చెప్పింది.

"మావా, రెండు పొట్లాల్లోనూ ఎర్రదే కట్టినా. అమ్మవారు నన్ను ఏమన్నా చేస్తే చేయనీ. నువ్వు మాత్రం ఉండు."

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె నాతో అన్న ప్రేమ మాట అదొక్కటే. వినే స్థితిలో లేని మొగుడికి చెప్పింది, గడుసుది.

తిరువళ్ళూరు డాక్టరు ఇంటి ముందు గది రెండు బెంచీలంత. దాంట్లో ముప్పై మందిమి. ముందు మా టోకెను అంటే ముందు మాది అని పోట్లాట. పులికాట్ చెరువు పక్క పళవేర్కాడు నుంచి కీళ్ళనొప్పులకు వచ్చిన రొయ్యలమ్మే ఆమె ఒకరు నన్ను చూసి లేచి, నన్ను బెంచీ మీద పడుకోబెట్టించి, తన గుడ్డల మూట నా తలకింద పెట్టింది. ఆ మూటలో సముద్రంలో ఉన్న రొయ్యలన్నిటి వాసనా ఉంది. వెళ్ళిపోదామనుకున్న నా ప్రాణం ఆ వాసనకు దారి కనబడక లోపలే ఆగిపోయిందని నా నమ్మకం. తన టోకెను కూడా మాకే ఇచ్చి "పో కన్నూ, నాకేం, నా కీళ్ళు రేపు కూడా నొస్తాయి" అంది. ఆమె పేరు అడగలేదు. ఇప్పటికీ అదొక బాధ.

డాక్టరు పెద్దాయన. అరవంలోనే మాట్లాడాడు, నేను తెలుగులో రాస్తున్నాను. నాలుక చూడలేదు. అరచేతులు చూశాడు. తర్వాత నా కుడి చేయి వెలుగులోకి లాగి బొటనవేలి గోరు చూశాడు.

"ఏం పని నీది?"

"నేత సార్."

"ఇంట్లో కుక్క ఉందా?"

"తాసిల్దారు ఉండాడు సార్."

ఆయన కళ్ళద్దాలు తీశాడు. "నేను కుక్క గురించి అడిగాను."

"కుక్క పేరే అది సార్. జ్వరం కాదు, వీడు మామూలుగానే ఇట్లే" అన్నాడు బావ.

"పిడుదులు ఉన్నాయా? కరిచాయా?"

"నన్ను కరిచే ధైర్యం వాటికి యాడిది సార్? నేనే వాటిని..." అని రెండు బొటనవేళ్ళూ కలిపి నొక్కి చూపించాను. ఎనిమిది రోజుల్లో నేను ఉత్సాహంగా చేసిన పని అదొక్కటే.

డాక్టరు కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. "తర్వాత చేతులు కడుగుతావా?"

నేను గోడ మీది క్యాలెండరు చూశాను. దేవకి జవాబు చెప్పింది. "పంచెకు తుడుస్తాడు సార్. ఆ చేత్తోనే పోగు నోట్లో పెట్టుకుంటాడు."

ఆయన చాలాసేపు రాశాడు. ఇది పిడుదుల జ్వరమనీ, అవి కరవక్కర్లేదనీ, చిదిమిన పురుగు రసం గోటి పక్క చీలికలోకి వెళ్ళినా చాలుననీ చెప్పాడు. రెండు రంగుల గొట్టం మాత్రలు ఇచ్చాడు. తలుపు దాకా వచ్చి దేవకితో మాత్రం మెల్లగా అన్నాడు. "ఇంకో రెండు రోజులు ఇంట్లో ఉంచి ఉంటే నా దగ్గరికి తెచ్చి ప్రయోజనం ఉండేది కాదమ్మా."

బావ ఇంట్లో ఉండిపోయాం. మూడో రోజుకు జ్వరం దిగింది. నుదుటి మీద నేసే నలుగురూ మగ్గం విప్పుకుని వెళ్ళిపోయారు. బలం మాత్రం వాళ్ళతోనే పోయింది. చెంబెత్తే సత్తువ కూడా చేతికి లేదు. ఆ చేత్తోనే బావ దగ్గర బ్లేడు అడిగి గోరు కోసేశాను. ముప్పై ఏళ్ళ గోరు. కోస్తుంటే బావ అటు తిరిగి నవ్వుకున్నాడు, నేను ఇటు తిరిగి ఏడ్చాను. ఏడ్చానని ఈ కాగితంలో తప్ప ఎక్కడా చెప్పలేదు.

పంగుని దాటి చిత్తిరై నెల మొదట్లో ఊరికి వచ్చాం. గుమ్మానికి వేపమండలు లేవు. మా అమ్మ నన్ను పైనుంచి కిందికి చూసి, "చిక్కిపోయినావు" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. జ్వరం పేరు బావ చెప్పాడు. ఆ రోజు నుంచి మా అమ్మ నా ముందు కూర్చునేది కాదు, నేను చూస్తే చూపు తిప్పుకునేది. డాక్టరు దేవకితో తలుపు దగ్గర అన్న మాట ఎవరు చేరవేశారో తెలియదు.

"ఆ కుక్కను ఊత్తుకోట పక్క వదిలేసి వస్తా" అన్నాడు బావ.

వంటింట్లోంచి జవాబు వచ్చింది. "కుక్కేం జేసింది? గోళ్ళు వీనివి. దాన్ని ఎవురన్నా ముట్టుకుంటే చూడండి."

డాక్టరు చెప్పిన పనులన్నీ మొదలయ్యాయి. గుంట మగ్గంలోని నెర్రెలకు సున్నం, మట్టి కలిపి పూశారు. తాసిల్దారుకు గుంట నిషేధం. వాడికి విడిగా గోనెపట్టా వేశాం, రెండు రోజులకొకసారి ఎండలో దులుపుతాం. వారానికొకసారి ఒంటికి వేపనూనె పూస్తాం. మంద ఉన్నన్నాళ్ళూ వాణ్ణి గుంజకు కడతాం. ముఖ్యమైనది, పొలం నుంచి రాగానే చెవుల లోపల, కాలివేళ్ళ సందుల్లో, మెడ కింద వెతకాలి. పిడుదు కనబడితే చర్మానికి దగ్గరగా చిమటాతో పట్టి నిదానంగా లాగాలి. చిదమకూడదు. కిరసనాయిలు డబ్బాలో వేయాలి. సబ్బుతో చేతులు కడగాలి. ఇది రాయడానికే ఇంత దూరం వచ్చాను, మిగతాదంతా నా నోటి దురద.

దేవకి తిరుత్తణిలో ఒక చిమటా కొన్నది. కనుబొమలు తీర్చుకునే రకం. పిడుదును పట్టగానే జారిపోయేది. తాసిల్దారు విసుక్కునేవాడు, దేవకి విసుక్కునేది, నేను దూరంగా మంచం మీద కూర్చుని ఇద్దరికీ సలహాలు ఇచ్చేవాణ్ణి.

ఒకరోజు పొద్దున ఈ తమాషా నడుస్తుండగా మా అమ్మ మగ్గం దగ్గరికి వెళ్ళింది. మేకు మీది నుంచి మా నాయన చిమటా తీసింది. వచ్చి దేవకి ముందు, కిరసనాయిలు డబ్బా పక్కన పెట్టింది.

దేవకి చేయి వెనక్కి తీసుకుంది. "అత్తా, అది మగ్గానిది."

నాకు కొంచెం బలం వచ్చినట్టుంది, నోరు ఊరుకోలేదు. "కావాలంటే పూలు పెట్టి అడుగుదాం" అన్నాను.

మా అమ్మ నావైపు చూడలేదు. తాసిల్దారు పక్కన నేల మీద చతికిలబడి, వాడి తలను ఒళ్ళోకి లాక్కుంది.

"ఏమీ అక్కర్లేదు. నీ పెండ్లాము పొట్లం కడితే రెండింట్లోనూ ఎర్రదే ఉంటాది."

దేవకి మొహం తెల్లబోయింది. మా అమ్మ కుక్క చెవి మడిచి పట్టుకుంటూ, ఎవరికో చెప్పినట్టు అంది.

"ఆ పొద్దు మీరు ఈన్ని మోసుకుని పోతా ఉంటిరి. రెండో పొట్లం పటం ముందరనే పడి ఉండె. విప్పి చూస్తిని. చూసి, అరుద్దామని నోరు తెరిచినా. అరవలేదు. ఆ పువ్వును గుడక ఆమెకే పెట్టి దండం పెట్టుకున్యా." చెవిని వెలుగువైపు తిప్పింది. "పట్టు, తొందరగా. చెవి నొప్పి పుడతా ఉండాది వానికి."

దేవకి చిమటా తీసుకుంది. మా నాయన ఉక్కు చిమటా జారలేదు. ఒక్క పట్టుకే పిడుదు వచ్చింది. నా రెండు బొటనవేళ్ళూ వాటంతట అవే కలుసుకున్నాయి. మా అమ్మ చూసింది, ఇన్నాళ్ళకు నా మొహంలోకి సూటిగా. వేళ్ళు విడదీసి పంచెలో దాచుకున్నాను.

డబ్బాలో పడ్డ పిడుదు ఏ చప్పుడూ చేయలేదు.